ఓకనాగన్ సీమ: కొండలు, సరస్సులు, ద్రాక్షతోటలు

కెనడా దేశమునకు పడమటి కొసనున్న బ్రిటిష్ కొలంబియా రాష్ట్రమును గూర్చి మన విద్యార్థులు భూగోళశాస్త్రమున చదివియే యుందురు. పసిఫిక్ తీరమునందలి వాంకూవరు నగరమును, అచ్చటి దేవదారు వనములను, విడువని ముసురును గూర్చి వినని వారరుదు. ఆ రాష్ట్రముననే, సముద్రమునకు దూరముగా, పర్వతపంక్తుల నడుమ ఓకనాగన్ అను పొడుగైన లోయ యొకటి కలదు. అందు సరస్సు వెంబడి సరస్సు, సరస్సుల గట్లపై పండ్లతోటలును ద్రాక్షతోటలును, వాని వెనుక బోడికొండలు, ఆపైని దేవదారులు కానవచ్చును.

వాంకూవరునందలి మా బంధువుల ఆహ్వానముచే ఒక వేసవిసెలవులలో మేమీ సీమను చూడగలిగితిమి. దాని సౌందర్యమును వర్ణించుట మా యుద్దేశము కాదు. ఆ పనిని చిత్రపటములు మాకంటె బాగుగా చేయగలవు. ఎడారివంటి నేల తోట యెట్లయ్యెను? ఆ తోటకు వెల యెవరు చెల్లించిరి? ఈ రెండు ప్రశ్నలకు మేము తెలిసికొన్న ఉత్తరములను మాత్రమే ఇచ్చట వ్రాయుచున్నాము. రెండు ఉత్తరములును నీటిలోనే యున్నవి.

మార్గము, వానలు

వాంకూవరునుండి లోయలోని పెద్ద పట్టణమగు కెలోనాకు సుమారు 390 కిలోమీటరులు. మోటారుబండిలో నాలుగైదు గంటల ప్రయాణము. బాట ఫ్రేజరు నది వెంబడి తూర్పుగా సాగి, హోప్ అను ఊరు దాటిన పిమ్మట కోక్విహల్లా కనుమ నెక్కును. దాని శిఖరము సముద్రమట్టమునకు 1,244 మీటరుల యెత్తున నున్నది. కనుమకు ఈవల తడి నాచును దట్టమైన అడవియు నుండును. ఆవల దిగిన కొలదిని చెట్లు పలుచబడును, గడ్డి వన్నె తగ్గును, కొండలు ఎండుటాకు రంగు దాల్చును. ఒక్క పూటలో రెండు దేశములను చూచినట్లుండును.

ఇందులకు కారణము సులభముగా గ్రహింపవచ్చును. సముద్రముమీదనుండి వచ్చు తడిగాలి కోస్తా పర్వతములను, కాస్కేడు పర్వతములను ఎక్కునపుడు చల్లబడి, తనయందలి నీటిలో మిక్కిలి భాగమును ఈవలి వాలుననే కురిసివేయును. ఆవలికి దిగు గాలి వెచ్చబడి పొడియగును. దీనినే వర్షచ్ఛాయ యందురు. మన పడమటి కనుమలు రాయలసీమకు చేయుచున్నదియు నిదియే. వాంకూవరున ఏటికి 1,100 మిల్లీమీటరులకు మించి వాన కురియగా, లోయకు దక్షిణపు కొసనున్న ఓసోయూస్ పట్టణమున 300 మిల్లీమీటరులకు కొంచెము మాత్రమే మించును. అనావృష్టికి పేరుపడిన మన అనంతపురము జిల్లాలో సైతము 500 మిల్లీమీటరులకు పైగా కురియును. ఓసోయూస్ కొండలపై నాగజెముడు మొలచియుండుట చూచి మేము ఆశ్చర్యపడితిమి. తోక నాడించి చప్పుడు చేయు విషసర్పము సైతము అచ్చట నుండునని హెచ్చరిక పలకలు తెలుపుచున్నవి.

సరస్సులు ఏర్పడిన విధము

వాన చాలని చోట ఇన్ని సరస్సు లెట్లు వచ్చినవి? మంచుయుగమున మహా హిమానీనదము లీ లోయను లోతుగా దొలిచినవి. సుమారు 10,000 సంవత్సరములకు పూర్వము అవి కరిగి తొలగగా, వాని త్రోవలో నీరు నిలిచెను. ఉత్తరమునుండి దక్షిణమునకు కలమాల్కా, వుడ్, ఓకనాగన్, స్కహా, వాసూ, ఓసోయూస్ అను సరస్సులు హారమువలె నున్నవి. వీని నీరంతయు ఓకనాగన్ నదిగా దక్షిణమునకు పారి, అమెరికా సంయుక్తరాష్ట్రములలో కొలంబియా నదిని కలిసి, పసిఫిక్ సముద్రమును చేరును.

వీనిలో పెద్దదియగు ఓకనాగన్ సరస్సు 135 కిలోమీటరుల పొడవు గలిగి, వెడల్పున మాత్రము నాలుగైదు కిలోమీటరులే యుండును. లోతు మిక్కిలిగా నున్నచోట 232 మీటరులు. పూర్వపు మంచునీటి సరస్సు అడుగున పేరుకొనిన మెత్తని తెల్లని ఒండు, పెంటిక్టన్ పట్టణపు చుట్టుప్రక్కల నిట్రమైన గట్లుగా నిలిచియున్నది. నేటి నరమాటా ద్రాక్షతోటలు ఆ గట్లమీదనే పెరుగుచున్నవి.

కలమాల్కా సరస్సు వేసవిలో రంగులు మార్చుట చూచి యాత్రికులు వింతపడుదురు. ఆ నీటిలో సున్నపుపదార్థము కరిగియుండును. నీరు వెచ్చబడినపుడు అది అతిసూక్ష్మమైన స్ఫటికములుగా విడివడును. వానిపై సూర్యకాంతి పడి చెదరుటచే నీరు ఒకచోట నీలముగను, ఒకచోట చిలుకపచ్చగను కనబడును.

ఇంత నీరుండగా కొదువ యేమని చదువరులు తలంపవచ్చును. ఆ సరస్సు నీరు పూర్తిగా మారుటకు 50 సంవత్సరములకు పైగా పట్టును. కొండలమీది మంచు కరిగి ఏటేట క్రొత్తగా వచ్చి చేరు నీరు, సరస్సు పైభాగమున మీటరున్నర మందమునకు మాత్రమే సరిపోవును. తక్కినదంతయు పూర్వపు నిలువ. అసలును ముట్టక వడ్డితో కాపురము చేయు గృహస్థునివలె ఆ లోయవారు మెలగవలసియున్నది. ఇందుకొరకే 1970లో లోయయంతటికి నొక జలమండలి నేర్పరచుకొనిరి.

ఆ నేలకు తొలి వారసులు

ఈ లోయ సియీల్క్స్ అను మూలవాసుల దేశము. తెల్లవారు రాకపూర్వము అనేక వేల యేండ్లనుండి వారు సాల్మను చేపలను పట్టుకొనుచు, అడవిపండ్లను, దుంపలను సేకరించుకొనుచు జీవించిరి. సరస్సునం దొక పవిత్రశక్తి కలదని వారి విశ్వాసము. తరువాత వచ్చినవారు దానినే ఒగోపోగో అను వింతజంతువుగా మార్చి, అంగళ్లలో ఆటబొమ్మలుగా అమ్ముచున్నారు. ఒకరికి పూజ్యమైనది మరియొకరికి వినోదమగుట మనకు రుచింపలేదు.

ఓసోయూస్ దగ్గర చుక్కలసరస్సు అను చిన్న కొలనొకటి కలదు. అందు ఖనిజలవణములు మెండుగా నుండుటచే, వేసవిలో నీరు ఇగిరిపోవగా వందలకొలది గుండ్రని మడుగులు చుక్కలవలె మిగులును. మూలవాసులకు అది చికిత్సాస్థలము, పుణ్యస్థలము. పరులచేతిలో చాలకాలముండిన ఆ స్థలము 2001లో ప్రభుత్వ సహాయముతో కొనబడి తిరిగి వారికి దక్కినది. యాత్రికులు కంచె యీవల నిలిచి చూడవలెనే గాని లోనికి పోరాదు.

19వ శతాబ్దమున బంగారమును వెదకుచు, పశువులను మేపుకొనుచు వచ్చినవా రిచ్చట స్థిరపడిరి. ఒడంబడిక యేదియు లేకయే నేలలో మిక్కిలి భాగము వారి వశమయ్యెను. మూలవాసులకు చిన్న చిన్న కేటాయింపు భూములు మాత్రమే మిగిలినవి.

కాలువ, తోట, చేప

1859లో షార్లు పాందోసీ అను ఫ్రెంచి మిషనరీ నేటి కెలోనా దగ్గర నొక మిషను స్థాపించి, పండ్లచెట్లను ద్రాక్షతీగలను నాటించెను. 1891లో అబర్డీను ప్రభువు వెర్నను పట్టణము చెంత కోల్డ్‌స్ట్రీము అను విశాల క్షేత్రమును కొని పండ్లతోటలను వృద్ధిచేసెను. ఈయన 1893 మొదలు 1898 వరకు కెనడాకు గవర్నరు జనరలుగా నుండెను. కంపెనీలవారు మీది కొండకొలనులకు కట్టలు కట్టి, కొయ్యదోనెల గుండ నీటిని దిగువకు తెచ్చి, ఎండునేలలను తోటలకని అమ్మిరి. మొదటి ప్రపంచయుద్ధానంతరము, తిరిగివచ్చిన సైనికులకు జీవనోపాధి కల్పించుటకై రాష్ట్రప్రభుత్వము లోయ దక్షిణభాగమున పెద్ద కాలువ త్రవ్వించెను. అచ్చట వెలసిన ఊరికి నాటి ముఖ్యమంత్రియగు జాన్ ఆలివరు పేరే పెట్టిరి.

ఆ కాలువకు నీరు మెకింటైరు ఆనకట్టయొద్దనుండి వచ్చును. తోటలను బ్రదికించిన ఆ కట్టయే చేపలకు గోడయయ్యెను. సాకై అను సాల్మను చేప నదిలో పుట్టి, సరస్సులో పెరిగి, సముద్రమునకు పోయి, గ్రుడ్లు పెట్టుటకు మరల పుట్టినచోటికే వచ్చును. ఓకనాగనుకు రావలెనన్న దాదాపు 1,000 కిలోమీటరులు ఎదురీది, కొలంబియా నదిమీది 9 ఆనకట్టలను దాటవలెను. అన్నియు దాటివచ్చిన చేప తుదకు ఇంటి గుమ్మమున నిలిచిపోయినట్లు మెకింటైరు కట్టయొద్ద నిలిచిపోయెడిది. 1990లలో వాని సంఖ్య కొన్ని వేలకు దిగజారెను.

అప్పుడు సియీల్క్స్ ప్రజల సమాఖ్యవారు పట్టుదలతో పూనుకొనిరి. 2009లో ఆ కట్ట తలుపులను చేపలు పోవుటకు వీలుగ మార్చిరి. 2014లో పెంటిక్టనున చేపపిల్లలను పొదిగించు శాల నెలకొల్పిరి. అటుపిమ్మట కొన్ని సంవత్సరములలో చేపలు లక్షలకొలదిగా తిరిగివచ్చినవి. కాలువయు నిలిచినది, చేపయు బ్రదికినది. మా ప్రయాణమంతటిలో మిక్కిలి సంతోషము కలిగించిన వృత్తాంతమిదియే.

ద్రాక్షతోటలు

వేసవిలో పగళ్లు దీర్ఘములగుటయు, ఎండ తీవ్రమగుటయు, రాత్రులు చల్లబడుటయు ద్రాక్షకు మేలు చేయును. లోతైన సరస్సు పగటి వేడిమిని దాచుకొని శీతకాలమున మెల్లమెల్లగా విడుచును. ఐనను పూర్వ మిచ్చట చలికోర్చు ముతకజాతి ద్రాక్షలే మెండుగా పెంచెడివారు. 1988లో అమెరికాతో స్వేచ్ఛావాణిజ్యపు ఒప్పందము కుదిరినపుడు, ఆ సరకు పోటీకి నిలువదని తలంచి ప్రభుత్వము రైతులకు పరిహారమిచ్చి తీగలను పెరికించెను. తోటలలో సుమారు మూడింట రెండు వంతులు పోయినవి. సర్వనాశనమైనదని పలువురు తలంచిరి. కాని మిగిలినవారు రైస్లింగు, మెర్లో, పినో నువారు మొదలగు మేలుజాతులను నాటి క్రొత్తగా ప్రారంభించిరి. 2002లో ఓసోయూస్ మూలవాసులే ఇంకమీప్ అను ద్రాక్షారసశాలను తెరచిరి. ఉత్తర అమెరికాలో మూలవాసుల సొంతమైన అట్టి శాలలలో ఇదియే మొదటిది.

కొన్ని తోటలలో పండ్లను కోయక శీతకాలమువరకు తీగలపైననే యుంచుదురు. చలి సున్నకు దిగువ 8 డిగ్రీలకో, అంతకంటె దిగువకో చేరినపుడు, పండ్లు గడ్డకట్టియుండగనే కోసి పిండుదురు. నీరు మంచుగడ్డయై పిప్పిలో మిగులగా, తేనెవంటి రసము కొంచెముగా దిగును. దీనికి మంచుద్రాక్షారసమని పేరు.

ఇది విద్యార్థుల పత్రిక గనుక ఒక మాట చెప్పవలసియున్నది. రైతు నైపుణ్యమును మెచ్చుకొనుట వేరు, పానమును మెచ్చుకొనుట వేరు. ఆ రాష్ట్రమున 19 ఏండ్లు నిండనివారికి మద్యము అమ్ముట నేరము. మేము తోటలను చూచితిమి, పండ్లను తింటిమి. అంతటితో మాకు తృప్తి కలిగినది.

అగ్ని, మంచు

ఆ లోయ కష్టము లెరుగనిది కాదు. కెలోనాకు పైనున్న మైరా కనుమలో, 1915లో పూర్తియైన కెటిల్ వ్యాలీ రైలుమార్గపు వంతెనలు 18 కలవు. రైళ్లు ఆగిన పిదప అవి నడకబాటలైనవి. 2003 ఆగష్టులో పిడుగుపాటున పుట్టిన దావాగ్ని 239 ఇండ్లను, 16 కొయ్యవంతెనలలో 12 వంతెనలను దహించెను. జనులు వానిని మరల కట్టుకొని 2008లో తెరచిరి. 2023 ఆగష్టునాటి అగ్నియైతే, నిప్పురవ్వలు గాలికెగిరి సరస్సును సైతము దాటెను. 2024 జనవరిలో చలి సున్నకు దిగువ 25 డిగ్రీలను మించుటచే తీగల మొగ్గలు మాడి, ఆ యేటి ద్రాక్షపంట దాదాపు పూర్తిగా నశించెను. అంతటి చలిని సరస్సు వెచ్చదనమును ఆపజాలకపోయెను.

చూడబోవువారికి

ఏప్రిలు కడపట చెట్లు పూయును. జూలైలో చెర్రీలు, ఆగష్టులో పీచిపండ్లు, సెప్టెంబరు అక్టోబరులలో ఆపిలులు, ద్రాక్షలు పండును. వేసవిలో అగ్నివార్తలు విచారించి మరి బయలుదేరవలెను. అడవిలో నిప్పు రాజేయుట నిషేధించిన దినములలో ఆ యాజ్ఞను తప్పక పాటింపవలెను. పరాయి నీటిలో తిరిగిన పడవను తెచ్చువారు దానిని కడిగి, నీరు వంపి, ఆరబెట్టవలెను. ఏలయన ఒక్క చిన్న ఆలిచిప్పల జాతి దానినంటి వచ్చినను సరస్సంతయు పాడగును. బసలో నీటిని పొదుపుగా వాడుటయు అతిథిధర్మమే.

విద్యార్థులారా! ఏ సుందరదేశమునకు పోయినను ఈ తోటకు నీ రెచ్చటిది, ఆ నీరు మునుపెవరిది, దానిచే నేడెవరికి కొరత కలిగినది అని అడిగి తెలిసికొనుడు. తోటకు కాలువయు చేపకు త్రోవయు ఒక్క కట్టయొద్దనే కుదురునని ఓకనాగన్ జనులు కార్యరూపమున చూపిరి. మన చెరువుల క్రిందను, కాలువల క్రిందను ఎగువవారును దిగువవారును కలహించునపుడు, ఇది జ్ఞప్తికి తెచ్చుకొనదగిన పాఠము.