వేళ్లూనిన వంశం

ఫ్రాన్సు దేశపు ఈశాన్య భాగంలో, మార్న్ నదీతీరాన 'ఆయ్' అనే చిన్న ఊరు ఉన్నది. షాంపేన్ సీమకు చెందిన ఈ ఊరి చుట్టూ సుద్దనేలల వాలులపై ద్రాక్షాతోటలు విస్తరించి ఉన్నాయి. ఇక్కడ ద్రాక్షారసం ఒకసారి పులిసి మద్యమైన పిదప, దానిని సీసాలో మరల పులియబెడతారు. అప్పుడు పుట్టిన వాయువు లోపలే కరిగి ఉండి, మూత తీయగానే నురగలు కక్కుతుంది. ఆ సీమ పేరే పానీయానికీ వచ్చింది. పానీయ ప్రశంసను పక్కన ఉంచి, దాదాపు రెండు వందల సంవత్సరాలుగా ఒక కుటుంబం తన తోటను ఎట్లా నిలుపుకొన్నదో ఈ పాఠంలో తెలుసుకొందాం.

ఆ కుటుంబం పేరు బొలాంజే. 1829లో ముగ్గురు భాగస్వాములు ఆయ్‌లో సంస్థను స్థాపించారు. వారిలో తోటల యజమాని అయిన అతనాజ్ ద విల్లెర్మోన్ నౌకాదళాధికారి. కులీనులు వ్యాపారం చేయడం తగదని భావించే కాలమది. అందువలన సంస్థ పేరులో ఆయన పేరు చేరలేదు. రెండవవాడైన జాక్ బొలాంజే జర్మన్ ప్రాంతమైన వుర్టెంబర్గ్ నుండి వచ్చాడు. మూడవవాడు పాల్ రెనోదాఁ. 1837లో విల్లెర్మోన్ కుమార్తెను జాక్ వివాహమాడాడు. ఆ బంధంతో తోట, వ్యాపారం ఒకే కుటుంబంలో పెనవేసుకొన్నాయి.

19వ శతాబ్ది చివర పెను విపత్తు వచ్చింది. అమెరికా నుండి ఐరోపాకు చేరిన ఫైలాక్సెరా అనే సూక్ష్మకీటకం ద్రాక్ష వేళ్ల రసాన్ని పీల్చి తోటలను నాశనం చేసింది. అమెరికా జాతి వేరుమూలాలు దానిని తట్టుకొంటాయని గ్రహించి, రైతులు వాటిపై తమ తీగలను అంటుగట్టారు. ఆయ్‌లో బొలాంజేవారికి గల రెండు చిన్న క్షేత్రాలు మాత్రం, గోడల నడుమ, సొంత వేళ్లపైననే నిలిచాయి.

తరువాతి ఉపద్రవం మనుషుల వలన వచ్చింది. కొందరు వ్యాపారులు పరప్రాంతాల ద్రాక్షను చౌకగా తెచ్చి షాంపేన్ పేరుతో అమ్మసాగారు. పంటలు దెబ్బతిని అప్పులలో మునిగిన రైతులు 1911 ఏప్రిల్‌లో ఆయ్‌లోని వర్తకుల భవనాలకు నిప్పుపెట్టారు. బొలాంజేవారి ఇంటి జోలికి వారు పోలేదు.

1940లో ఫ్రాన్సు జర్మన్ సైన్యాల వశమైనది. 1941లో స్థాపకుని మనుమడైన మరొక జాక్ బొలాంజే మరణించగా, భారమంతా ఆయన భార్య లీలీపై పడింది. ఆమె పుట్టింటివారు లా ద లోరిస్తోన్ వంశీయులు. ఆ వంశంవాడైన జాఁ లా 18వ శతాబ్దిలో పుదుచ్చేరి కేంద్రంగా ఫ్రెంచి భారతాన్ని పాలించాడు. మన గోదావరి తీరంలోని యానాం ఆ పాలనలోనిదే. షాంపేన్ సీమనుండి జర్మన్ అధికారులు సీసాలను లక్షల సంఖ్యలో తరలించుకొనిపోతున్న రోజులవి. పనివారు కొరవడ్డారు, పెట్రోలు కరవైనది. లీలీ సైకిలుపై తిరిగి తోటలను స్వయంగా పర్యవేక్షించారు. యుద్ధానంతరం మరికొన్ని తోటలు కొన్నారు. 1969 పంటతో మొదలుపెట్టి, అంటులేని పాత తీగల పండ్లను ప్రత్యేకంగా వినియోగింపజేశారు. సంతానం లేని ఆమె 1971లో బంధువర్గంలోని తరువాతి తరానికి బాధ్యతను అప్పగించారు. 21వ శతాబ్దిలో నిర్వహణను కుటుంబేతరులు చేపట్టినా, యాజమాన్యం ఆ కుటుంబానిదే.

ఆ పాత క్షేత్రాలలో నేటికీ నేల అంటు పద్ధతినే పాటిస్తున్నారు. తీగను వంచి మట్టిలో పూడ్చగా అక్కడ కొత్త వేళ్లు పుడతాయి. తల్లితీగ క్షీణించేలోగా పిల్లతీగ నిలదొక్కుకొంటుంది. బొలాంజే వంశ చరిత్ర కూడ ఇట్టిదే. అల్లుడు, మనుమడు, వితంతువు, బంధువులు ఒకరి తరువాత ఒకరు ఆ నేలలో వేళ్లూనడం చేతనే తోట మిగిలింది. ఆస్తి వారసులకు పుట్టుకతో రావచ్చు. కష్టకాలంలో దానిని మోయగలవారు ఉన్నప్పుడే అది మరొక తరానికి అందుతుంది.