మీకు తెలుసా? మద్రాసుకూ హైదరాబాదుకూ మధ్య టపా చదరంగం!

1828–29లో మద్రాసు, హైదరాబాదు ఆటగాళ్లు ఉత్తరాల్లో ఎత్తులు పంపుకుంటూ రెండు చదరంగం ఆటలు ఆడారు. అప్పటికి రైలూ లేదు, తంతీ లేదు. టపా మోసేవాడి కాళ్లే దిక్కు. మద్రాసు తరఫున ఆడిన గులాం కాసిం, జేమ్స్ కాక్రేన్‌తో కలిసి ఆ రెండు ఆటలనూ, మ్యూజియో గాంబిట్ అనే ఆరంభం విశ్లేషణనూ 1829లో మద్రాసులోనే అచ్చు వేయించాడు.

ఇప్పుడా ఆట ఆన్‌లైన్‌లో నడుస్తోంది. ఒక్కో ఎత్తుకు రోజుల గడువుంటుంది. మంత్రి ముందున్న బంటును డి4కు తోసే ఆరంభాలు సాధన చేయడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. అరడజను ఆటలు ఒకేసారి సాగుతుంటాయి. ఒకరు డి5 అంటే మనం సి4లో బంటును ఎర వేస్తాం, అది క్వీన్స్ గాంబిట్. ఇంకొకరు శకటును బి4కు తెచ్చి మన సి3 గుర్రాన్ని కట్టేస్తారు, అది నిమ్జో ఇండియన్. లీచెస్, చెస్ డాట్ కామ్‌లలో ఇలాంటి ఆటలకు ఓపెనింగ్ పుస్తకాలు తిరగేయొచ్చు, ఎత్తులు లెక్కగట్టే కంప్యూటర్ ఇంజిన్ మాత్రం వాడకూడదు. టపా చదరంగపు అంతర్జాతీయ సమాఖ్య ఐసీసీఎఫ్ టోర్నీల్లో మామూలుగా ఇంజిన్‌కూ అనుమతి ఉంది, కానీ నేర్చుకునేవారికి దాని జోలికి పోకపోవడమే మేలు.

బోర్డు ముందు అంత తీరిక ఎక్కడిది? 2024 నవంబరు 27న సింగపూర్‌లో, ప్రపంచ టైటిల్ పోరు మూడో ఆటలో చెన్నై తెలుగు కుర్రాడు గుకేశ్ డి4తోనే మొదలుపెట్టాడు. 37వ ఎత్తు దగ్గర ప్రత్యర్థి డింగ్ లిరెన్ సమయం అయిపోయి ఓడాడు.