399 మీటర్ల జలపాతం, 60 బళ్ళు, ఒక్క నవంబరు

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ న్యూ సెటిల్‌మెంట్ నుంచి తెల్లవారకముందే బయలుదేరితే, పొద్దెక్కే లోపు దేశంలోని అతి ఎత్తయిన జలపాతాల్లో ఒకటున్న అడవి గుమ్మం ముందు నిలబడవచ్చు. ఒడిశా మయూర్‌భంజ్ జిల్లాలోని సిమిలిపాల్ అడవిలో ఉన్న ఆ జలపాతం పేరు బరేహిపాణి. వెళ్ళొచ్చినవాళ్ళలో కొందరు దాని గురించి ఎంతసేపు చెప్పినా తనివి తీరదంటారు. ఇంకొందరు "ఇంత దూరం వెళ్తే సన్నని తెల్లగీత కనిపించింది" అని పెదవి విరుస్తారు. ఇద్దరూ చూసింది ఒకే జలపాతాన్ని. చూసిన నెలలే వేరు.

నీళ్ళు ఉరకలెత్తే వానాకాలంలో ఈ అడవి గేట్లు మూసి ఉంటాయి. గేట్లు తెరిచిన రోజు నుంచి నీళ్ళు తగ్గడం మొదలవుతుంది. ఈ రెండు లెక్కలు ఎక్కడ కలుస్తాయో తెలిస్తే ప్రయాణం దండగ కాదు.

399, 259, 150: ఎత్తుల లెక్క

బరేహిపాణి మొత్తం ఎత్తు 399 మీటర్లు. ఇది రెండు అంచెల జలపాతం. ఒక్క ఊపున దూకే పెద్ద అంచె 259 మీటర్లు. ఖరగ్‌పూర్ స్టేషన్ ప్లాట్‌ఫాం పొడవు 1,072 మీటర్లు. ఆ ప్లాట్‌ఫాంలో మూడో వంతుకు మించిన ముక్కను కోసి నిలువుగా నిలబెడితే బరేహిపాణి అవుతుంది.

తెలుగువాళ్ళకు తెలిసిన జలపాతాలతో పోలిస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. నాగార్జునసాగర్ దగ్గరి ఎత్తిపోతల సుమారు 21 మీటర్లు. ఆదిలాబాద్ జిల్లా కుంటాల 45 మీటర్లు. తిరుపతి జిల్లా తలకోన 82 మీటర్లు. ఆంధ్ర, ఒడిశా సరిహద్దులో మాచ్‌ఖండ్ నది మీది డుడుమా 175 మీటర్లు. బరేహిపాణి పెద్ద అంచె ఒక్కటే తలకోనకు మూడు రెట్లు ఉంటుంది. కర్ణాటకలోని ప్రసిద్ధ జోగ్ జలపాతం కూడా 253 మీటర్లే.

సిమిలిపాల్‌లో చూడదగిన రెండోది జోరందా. దాని ఎత్తు 150 మీటర్లు. అంచెలు లేకుండా కొండ అంచు నుంచి నేరుగా లోయలోకి పడుతుంది. ఒకే రోజులో రెండూ చూపించే గైడ్లే ఎక్కువ.

ఇంత ఎత్తుకు కారణం అక్కడి రాయి. సిమిలిపాల్ కొండలు ఒక పెద్ద గిన్నె ఆకారంలో ఉంటాయి. గట్టి క్వార్ట్‌జైట్ పొరలు, పాత లావా రాళ్ళ పొరలు ఒకదాని వెంట ఒకటి వలయాలుగా పరుచుకున్నాయి. మెత్తని రాయిని నీరు అరగదీస్తుంది. గట్టి రాయి అంచులా నిలిచిపోతుంది. ఆ అంచు మీది నుంచి జారిపడేది బూఢాబలంగ నది నీరు.

ఈ నది ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళకు కొత్తదేమీ కాదు. బరేహిపాణి దాటిన నీరు బారిపదా పక్కగా సాగి బాలాసోర్ మీదుగా బంగాళాఖాతంలో కలుస్తుంది. ఖరగ్‌పూర్ నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వెళ్ళే రైళ్ళు బాలాసోర్ దగ్గర దీన్ని దాటే వెళ్తాయి. ఈ తీర రైలుమార్గంలో కటక్ వరకూ ఉన్న 514 కి.మీ. ఉత్తర భాగం 1902లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే చేతికి వచ్చింది. ఉత్తరాంధ్ర కుటుంబాలు వర్క్‌షాపు, లోకో పనుల కోసం ఖరగ్‌పూర్ చేరిన దారి అదే. సెలవుకు ఊరెళ్ళిన ప్రతిసారీ వంతెన మీది నుంచి చూసే నది పుట్టింటికి వెళ్ళడమే ఈ యాత్ర.

140 కిలోమీటర్లు, ఉదయం 9 గంటలు: దారి లెక్క

అడవికి రెండు ప్రధాన గుమ్మాలున్నాయి. బారిపదా వైపు పిఠాబటా గేటు, జశిపూర్ వైపు కలియాణి గేటు.

రోడ్డు మీద ఖరగ్‌పూర్ నుంచి లోధాశులి, బహరాగోడా మీదుగా బారిపదాకు దాదాపు 140 కి.మీ. అక్కడి నుంచి పిఠాబటా మరో 20 కి.మీ. పైచిలుకు. జశిపూర్ వెళ్ళాలంటే ఖరగ్‌పూర్ నుంచి మొదలయ్యే 49వ జాతీయ రహదారినే పట్టుకుని బంగిరిపోషి ఘాట్ ఎక్కాలి. ఆ దూరం సుమారు 180 కి.మీ. రైలైతే బాలాసోర్ వరకూ వెళ్ళి, అక్కడ బస్సో కారో చూసుకోవాలి. బాలాసోర్‌కు ముందు వచ్చే రూప్సా జంక్షన్ నుంచి బారిపదాకు లైను ఉంది. 1905లో మయూర్‌భంజ్ సంస్థానం వేసిన చిన్న గేజి లైను అది. ఇప్పుడు బ్రాడ్‌గేజి అయి బంగిరిపోషి దాకా వెళ్తుంది. రైళ్ళు తక్కువ కాబట్టి గేటు వేళకు దాన్ని నమ్ముకోవడం కష్టం.

వేళ ఎందుకంత ముఖ్యమంటే, ఒక్కరోజు చూసి వచ్చే బళ్ళను ఉదయం 6 నుంచి 9 వరకే లోపలికి వదులుతారు. 9 దాటితే ఎంత దూరం నుంచి వచ్చినా వెనక్కే. చీకటి పడకముందే బయటికి రావాలి. ఖరగ్‌పూర్ నుంచి గేటుకు 160 కి.మీ. పైన, టీ తాగడానికి ఆగితే నాలుగు గంటలు. అంటే తెల్లవారుజామున 4 గంటలకు బండి కదలాలి. లోపల మట్టిదారి, మలుపులు, ఎక్కడ పడితే అక్కడ జంతువులు. గంటకు సగటున 25 కి.మీ. వేసుకుని, రానూపోనూ 120 కి.మీ. తిరిగారనుకుంటే బండిలోనే 5 గంటలు పోతాయి. మళ్ళీ ఇంటికి 4 గంటలు. మొత్తం 13 గంటల కుదుపులు. చంటిపిల్లలూ పెద్దవాళ్ళూ ఉంటే ముందురోజు సాయంత్రమే బారిపదా చేరి పడుకోవడం మేలు.

60 బళ్ళు: అనుమతి లెక్క

సిమిలిపాల్ పిక్నిక్ స్పాట్ కాదు, పులుల అడవి. 1973లో ప్రాజెక్ట్ టైగర్ మొదలైనప్పుడే ఆ జాబితాలో చేరింది. పులుల అభయారణ్యం మొత్తం విస్తీర్ణం 2,750 చదరపు కి.మీ. 2009లో యునెస్కో జీవావరణ మండలాల్లో చోటు దక్కింది. 2025 ఏప్రిల్‌లో 845.70 చ.కి.మీ.ను ఒడిశా ప్రభుత్వం జాతీయ పార్కుగా ప్రకటించింది. 2023-24లో ఒడిశా చేపట్టిన గణనలో రాష్ట్రం మొత్తం మీద 30 పెద్ద పులులు తేలితే, వాటిలో 27 సిమిలిపాల్‌వే. ఆ 27లో 13 పులులు నల్లచారలు వెడల్పుగా కలిసిపోయి ఒళ్ళంతా నల్లగా కనిపించేవి. ప్రపంచంలో మరే అడవిలోనూ ఇలాంటి పులుల సంతతి స్వేచ్ఛగా తిరగడం లేదు.

అందుకే బళ్ళకు కోటా ఉంది. ఇటీవలి సీజన్లలో పిఠాబటా వైపు రోజుకు 35, కలియాణి వైపు 25, వెరసి 60 బళ్ళకే అనుమతి. డ్రైవరు, గైడు పోగా బండికి ఆరుగురు చొప్పున వేసుకున్నా రోజుకు 360 మంది. డిసెంబరు ఆఖరి వారంలో ఇవి ఎంత తొందరగా నిండుతాయో ఊహించుకోవచ్చు. అనుమతి ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. గుర్తింపు కార్డు దగ్గరుండాలి. మోటారుసైకిళ్ళకు ప్రవేశం లేదు. నేలకు తక్కువ ఎత్తులో ఉండే చిన్న కార్లు ఆ దారికి పనికిరావు. ఎత్తయిన జీపు తరహా బండి కావాలి.

ప్రతి బండికీ స్థానిక గైడు తప్పనిసరి. ఇది మొక్కుబడి నిబంధన అనుకోకండి. అడవి అంచు ఊళ్ళలో పుట్టిపెరిగిన ఈ యువకులకు ఏనుగుల గుంపు ఏ పూట ఏ దారి దాటుతుందో తెలుసు. ఎక్కడ దిగవచ్చు, ఎక్కడ అద్దం కూడా దించకూడదు అన్నది వాళ్ళు చెప్పాలి. బండికీ గైడుకూ కట్టేది మనుషుల సంఖ్యను బట్టి మారదు కాబట్టి, నలుగురు కాకుండా ఆరుగురు కలిసి వెళ్తే తలసరి ఖర్చు మూడో వంతు తగ్గుతుంది. పక్క క్వార్టర్ వాళ్ళను కలుపుకుని వెళ్ళడానికి ఇంతకంటే మంచి కారణం అక్కర్లేదు.

1,600 మిల్లీమీటర్లు: వాన లెక్క

మయూర్‌భంజ్‌లో ఏడాదికి కురిసే వాన 1,600 మి.మీ.కు అటూఇటూ. చిన్న అంకె కాదు. చిక్కేమిటంటే, అందులో సుమారు ముప్పాతిక వంతు జూన్ నుంచి సెప్టెంబరు దాకా నాలుగు నెలల్లోనే పడిపోతుంది.

నిజమైన వర్షారణ్యంలో ఇలా ఉండదు. కరీబియన్ ద్వీపాల్లోని ప్యూర్టోరికోలో ఎల్ యుంకే అనే అడవి ఉంది. అక్కడ ఏటా సగటున 3,000 మి.మీ. వాన కురుస్తుంది, అదీ పన్నెండు నెలలూ. అందుకే 11 మీటర్లయినా లేని లా మీనా జలపాతం కూడా అక్కడ పేరు తెచ్చుకుంది. అదే సముద్రంలో గ్వాడలూప్ ద్వీపంలోని కార్బే నది మూడు చోట్ల దూకుతుంది. ఆ ఎత్తులు 115, 110, 20 మీటర్లు. విహార నౌకల యాత్రికులను గైడ్లు ఇలాంటి చోట్లకే ఏడాది పొడుగునా తిప్పుతుంటారు.

మన సిమిలిపాల్ ఆ జాతి అడవి కాదు. ఎక్కువ భాగం సాల వృక్షాలే. తేమ ఉన్న లోయల్లో మాత్రం చెట్లు ఏడాదంతా పచ్చగా ఉంటాయి. వెయ్యికి పైగా మొక్కల జాతులు, 90కి పైగా ఆర్కిడ్లు ఉన్న ఈ అడవి వానాకాలం నీటిని స్పాంజిలా పట్టుకుని చలికాలమంతా మెల్లగా వదులుతుంది. ఫిబ్రవరి దాటాక ఆ నిల్వ కరుగుతుంది. మార్చి నుంచి ఎండుటాకుల మంటల భయం. 2021 మార్చిలో ఇక్కడ కార్చిచ్చు రోజుల తరబడి రగిలింది.

గేట్లు సాధారణంగా నవంబరు 1న తెరుచుకుని జూన్ మధ్యలో మూతపడతాయి. అంటే సుమారు 227 రోజులు. ఇందులో జలపాతం కోసం లెక్కలోకి వచ్చేవి మొదటి 60 రోజులు. మొదటి 30 అయితే మరీ మంచిది.

7 సెకన్లు: పడే నీటి లెక్క

259 మీటర్ల పై నుంచి రాయి వదిలితే గాలి అడ్డును పక్కన పెడితే 7 సెకన్ల పైచిలుకులో కిందికి చేరాలి. అప్పటికి వేగం గంటకు 250 కి.మీ. దాటాలి. నీరు అలా పడదు. ధార దారిలోనే చినుకులుగా విడిపోతుంది. పెద్ద వానచినుకు కూడా గాలిలో సెకనుకు 9 మీటర్లకు మించి దిగదు. ఆ లెక్కన పై నుంచి కిందికి అరనిమిషం. చిన్న తుంపరలైతే ఇంకా ఆలస్యం, కొన్ని గాలికి కొట్టుకుపోతాయి. నీరు ఎంత తక్కువైతే ధార అంత తొందరగా పొగమంచవుతుంది. మార్చిలో వెళ్ళినవాళ్ళు చూసిన తెల్లగీత కథ ఇదే. ఎత్తు ఎక్కువ ఉన్న జలపాతానికే నీటి కరువు ఎక్కువ కనిపిస్తుంది.

ఇంకో సంగతి. బరేహిపాణిని చూసేది లోయకు ఇవతలి గట్టు నుంచి. కింద మడుగులో దిగడం, తలమీద నీళ్ళు పోసుకోవడం కుదరవు. దుర్భిణి ఉంటే పట్టుకెళ్ళండి.

98, 44, 43: తడవాలనుకునేవారికి

నీళ్ళకు దగ్గరగా వెళ్ళాలని పిల్లలు పేచీ పెడితే వేరే దారులున్నాయి. ఖరగ్‌పూర్ నుంచి రాంచీ రైలెక్కితే ఆ చుట్టుపక్కల సువర్ణరేఖ మీది హుండ్రు 98 మీటర్లు, కాంచీ నది మీది దశమ్ 44 మీటర్లు, జోన్హా 43 మీటర్లు. వందల మెట్లు దిగి ఎక్కాలి. లోతు మోసం చేస్తుంది కాబట్టి నీళ్ళలో దిగేముందు అక్కడివాళ్ళను అడగాలి. ఒక్కపూట చాలనుకుంటే 100 కి.మీ.కు కాస్త లోపున్న ఘాట్‌శిలా దిగి ధారాగిరి చూడవచ్చు. ఝాడ్‌గ్రామ్ జిల్లా బేల్‌పహాడీ దగ్గర ఘాఘ్రాలో తారాఫేనీ నీరు రాళ్ళ గుంతల మధ్య సుడులు తిరుగుతుంది. అక్కడ ఎత్తు లేదు కానీ, వానలు ఆగిన వెంటనే చూస్తే కనువిందే.

చివరి లెక్క

అంకెలన్నీ కలిపితే తేలేది ఇది. బరేహిపాణికి వెళ్ళాల్సింది నవంబరులో, మరీ ఆలస్యమైతే డిసెంబరు మొదటి పక్షంలో. క్రిస్మస్ సెలవుల రద్దీ వద్దు, పుష్య మాఘాల చలి వద్దు. అడవి లోపల రాత్రి ఉష్ణోగ్రత 5 డిగ్రీలకు దిగుతుంది. దీపావళి బోనసు చేతికి రాగానే ఆరుగురిని కూడగట్టి, వారం మధ్య రోజుకు అనుమతి తీసుకోండి. కోటా, రుసుము, తెరిచే తేదీ ఏటా సవరిస్తుంటారు కాబట్టి డబ్బు కట్టేముందు అటవీశాఖ తాజా ప్రకటన చూడండి. ప్లాస్టిక్ సీసాలు ఇంటి దగ్గరే వదిలేయండి, గేటు దగ్గర ఎలాగూ ఆపుతారు. నవంబరు కుదరలేదంటే మార్చిలో వెళ్ళి నిట్టూర్చకుండా, వచ్చే నవంబరు దాకా ఆగడమే మంచిది.