పంట్లాము పూర్వకథ

తెలుగునాట దర్జీ దుకాణములలో ఒకప్పుడు తరచుగా వినవచ్చిన మాట 'పంట్లాము'. నేడు దాని స్థానమున 'ప్యాంటు' చేరినది. ఈ రెండింటికిని మూలము 'పాంటలూన్' అను పాత ఆంగ్లపదము. అయితే ఆ పదము మొదట బట్ట పేరు కాదు; మనిషి పేరు.

ఇటలీ దేశమందలి వెనిస్ నగరవాసులకు పాంటలియోన్ అను క్రైస్తవ పునీతునియెడ భక్తి మెండు. ఆయన వైద్యుడనియు, క్రీ.శ. 305 ప్రాంతమున మతము కొరకు ప్రాణములు విడిచెననియు ప్రతీతి. గ్రీకు క్రైస్తవులు ఆయనను 'సర్వకరుణామయుడు' అను అర్థము గల పేరుతో కొలుతురు. 16వ శతాబ్దిలో ఇటలీ హాస్యనాటకములలో వెనిస్ వర్తకుని పాత్రకు 'పాంటలోనె' అను పేరు వచ్చెను. ఈ పేరు ఆ పునీతుని నామమునుండియే పుట్టినదని నిఘంటుకారులు చెప్పుదురు. ఆ వర్తకుడు వృద్ధుడు, పరమలోభి, పడుచువారి చేతిలో మాటిమాటికి మోసపోవువాడు. కరుణామయుని పేరు పిసినారికి దక్కినది!

షేక్స్పియర్ 'ఆజ్ యూ లైక్ ఇట్' నాటకములో మానవజీవితమును ఏడు దశలుగా విభజించిన ప్రసంగము కలదు. అందు ఆరవ దశకు చెందినవాడే ఈ పాంటలూన్. అచ్చట ఆ మాటకు బలముడిగిన ముసలివాడని అర్థము. అతని పడుచునాటి మేజోళ్ల ప్రస్తావనయు ఆ ప్రక్కనే ఉండుటచే విద్యార్థి సులభముగా పొరబడును. బట్టను వెదకువానికి మనిషి కనబడడు. మనిషి కనబడనిచో ఆ దశలోని హాస్యమును, జాలియు రెండును జారిపోవును.

కాళ్లకు బిగువుగా అంటియుండు ఎఱ్ఱని ఉడుపు ఆ పాత్రకు గుర్తు. క్రమముగా వేషధారి పేరు వేషమునకు సంక్రమించెను. 17వ శతాబ్ది ఉత్తరార్ధమున ఇంగ్లండులో వదులైన లాగులకు ఈ పేరు చెల్లెను. 18వ శతాబ్ది చివర బిగుతైన వానికి చెల్లెను. పిమ్మట లాగులన్నింటికిని వర్తించెను. 19వ శతాబ్దిలో అమెరికావారు దానిని 'ప్యాంట్స్' అని కుదించిరి. బ్రిటనులో మాత్రము ఆ కురచమాటకు లోదుస్తులని అర్థము స్థిరపడినది. లండను అంగడిలో ప్యాంట్లు కావలెనని అడిగిన తెలుగు విద్యార్థికి వర్తకుడు లోదుస్తులు చూపిన, తప్పు వర్తకునిది కాదు.

ఒకే మాట పునీతుడై, లోభియై, వృద్ధుడై, లాగై, లోదుస్తై నిలిచినది. కావున నిఘంటువులో మొదట కనబడిన అర్థముతో తృప్తిపడక, ఆ మాటను ఏ కాలమువారు, ఏ దేశమువారు పలికిరో విచారించుట పాఠము చెప్పువారికిని, చదువువారికిని అవశ్యకర్తవ్యము.