తొడ మీద ఆనిన చెయ్యి

ఢిల్లీ బజారులో నడిచే జనాన్ని కాసేపు గమనిస్తే, నలభై దాటిన వాళ్లలో ఒక ప్రత్యేకమైన నడక కనిపిస్తుంది. మనిషి కొంచెం ముందుకు వంగుతాడు. సన్నబడిన కాలు నేల మీద మోపగానే, మోకాలికి కాస్త పైన తొడ మీద అరచేయి ఆనించి వెనక్కి నొక్కుతాడు. ఆ కాలి మీద ఒంటి బరువు ఉన్నంతసేపూ చెయ్యి అక్కడే ఉంటుంది. రెండో కాలు ముందుకు పడగానే చెయ్యి లేస్తుంది. మన గుంటూరులోనో వరంగల్లోనో అయినా ఇది కొత్తేమీ కాదు. ‘పోలియో కాలు’ అనేసి చూపు తిప్పేసుకుంటాం. నిజానికి తొడ నిర్మాణాన్ని ఇంత స్పష్టంగా చెప్పే పాఠం వైద్య కళాశాల శవాగారంలో కూడా దొరకదు. పోయిన కండరం ఏదో, మిగిలినవి దాని పనిని ఎలా పంచుకున్నాయో ఆ నడకే చెబుతుంది.

పోయినది తొడ ముందువైపు కండరం. పేరుకు ఒకటే అయినా అవి నాలుగు. వీటిని కలిపి క్వాడ్రిసెప్స్ అంటారు. మూడు తొడ ఎముక మీదే పుడతాయి, నాలుగోది పైన కటి ఎముక నుంచి దిగుతుంది. అన్నీ కలిసి ఒక గట్టి పట్టీగా మారి మోకాలి చిప్పను పట్టుకుని, దాని కిందుగా కాలి పెద్ద ఎముకకు అతుక్కుంటాయి. కుస్తీలో తొడ చరిచినప్పుడు చప్పుడయ్యేది ఈ కండరం మీదే. ఉత్తర ఢిల్లీలోని గురు హనుమాన్ అఖాడాలో పహిల్వాన్లు వందల కొద్దీ బైఠక్‌లు తీసి పెంచేదీ దీన్నే. బంతిని తన్నడానికి, కూర్చున్న చోటి నుంచి లేవడానికి ఇది కావాలని అందరికీ తెలుసు. నడకలో దీని అసలు పని మాత్రం వేరు. మడమ నేలను తాకగానే మోకాలు కొద్దిగా వంగుతుంది. ఆ వంపు అక్కడితో ఆగాలి. ఆపేది క్వాడ్రిసెప్స్. అది లేకపోతే మోకాలు గొళ్లెం ఊడిన మడత కుర్చీలా కుప్పకూలుతుంది.

మరి ఆ కండరం పూర్తిగా పోయినవాళ్లు కూడా ఎలా నడుస్తున్నారు? ఇక్కడ శరీరం భౌతిక శాస్త్రాన్ని వాడుకుంటుంది. నిలబడినప్పుడు మన బరువు నేలకు దిగే గీత మోకాలి కీలుకు వెనకగా పోతే మోకాలు వంగుతుంది, ముందుగా పోతే వెనక్కి నెట్టుకుని దానంతట అదే బిగుసుకుంటుంది. ఒంటిని ముందుకు వంచితే ఆ గీత మోకాలికి ముందుకు జరుగుతుంది. పైన పిరుదు కండరం తొడను వెనక్కి లాగుతుంది, కింద పిక్క కండరం ముంగాలిని వెనక్కి పట్టి ఉంచుతుంది. ఇంకా లోటు మిగిలితే భుజం బలమంతా అరచేతి గుండా తొడకు చేరుతుంది. వైద్యుడు నేర్పకుండానే, అయిదారేళ్ల పిల్లలు కూడా పడుతూ లేస్తూ ఈ లెక్క తామే కట్టేసుకుంటారు. చూసేవాళ్లకు అది నిస్సహాయత అనిపిస్తుంది. నాకైతే అంతకన్నా సొగసైన ఇంజనీరింగ్ కనబడలేదు.

ఇక నరాల సంగతి. కాలికి వెళ్లే పెద్ద నరాలు మూడు. నడుము దగ్గర వెన్నెముక నుంచి బయల్దేరిన ఫెమొరల్ నరం గజ్జ కిందుగా తొడ ముందుభాగంలోకి వచ్చి క్వాడ్రిసెప్స్‌ను నడిపిస్తుంది. ఆబ్టురేటర్ నరం తొడ లోపలివైపు కండరాలకు, అంటే రెండు తొడలనూ దగ్గరకు లాగే వాటికి వెళ్తుంది. మూడోది సయాటిక్. ఒంట్లోకెల్లా లావైన నరం, బొటనవేలంత ఉంటుంది. సయాటికా పుణ్యమా అని పేరు అందరికీ తెలిసిందే. పిరుదు లోతుల్లోంచి తొడ వెనకగా దిగి, వెనక కండరాలకు ఆజ్ఞలిచ్చి, మోకాలికి పైన సాధారణంగా రెండుగా చీలుతుంది. మోకాలి కింద ఉన్న ప్రతి కండరమూ దాని ఏలుబడిలోనే ఉంటుంది. ఆ చీలికల్లో ఒకటి మోకాలి బయటివైపు, కాలి చిన్న ఎముక మెడ చుట్టూ, చర్మానికి ఇంచుమించు ఆనుకునే తిరుగుతుంది. గంటల తరబడి గొంతుక్కూర్చుని పనిచేసే వాళ్లకు పాదం పైకి లేవకుండా జారిపోవడం అక్కడి నొక్కుడు వల్లే.

పోలియో వైరస్ ఈ మూడు నరాల్లో దేన్నీ నేరుగా ఎంచుకోదు. నోటి గుండా వెళ్లి పేగుల్లో పెరుగుతుంది. సోకిన వాళ్లలో అత్యధికులకు సోకినట్టే తెలియదు. ఇంచుమించు 200 మందిలో ఒకరికి మాత్రం అది వెన్నుపాములోకి చేరి, ముందుభాగంలో ఉండే కదలిక కణాలను చంపుతుంది. స్పర్శను మోసే కణాలు వేరే చోట ఉంటాయి కాబట్టి వాటికేమీ కాదు. అందుకే కాలు కదలదు గానీ చీమ కుడితే తెలుస్తుంది. నడుము భాగపు కణాలు ఎక్కువగా దెబ్బతింటాయి కాబట్టి చేతుల కన్నా కాళ్లే ఎక్కువ పడిపోతాయి. ఇందులోనూ ఒక తిరకాసు ఉంది. క్వాడ్రిసెప్స్‌ను నడిపే కణాలు వెన్నుపాములో మూడు ఖండాల పొడవునా పరుచుకుని ఉంటాయి. అక్కడక్కడా చచ్చినా కొన్ని మిగులుతాయి, కండరం బలహీనపడినా పూర్తిగా పోకపోవచ్చు. పాదాన్ని పైకెత్తే ముంగాలి కండరం కణాలు చిన్న చోట గుమిగూడి ఉంటాయి. దెబ్బ అక్కడ తగిలితే ఆ కండరం మొత్తం పోతుంది.

సరిగ్గా ఇక్కడే మన ఊళ్లలో ఒక పాత తగాదా ఉంది. పిల్లాడికి జ్వరం వచ్చింది, ఆర్‌ఎంపీ డాక్టరు పిరుదుకు సూది వేశాడు, మర్నాటికి కాలు పడిపోయింది. సూది వికటించిందని ఇంట్లో వాళ్లు, పోలియో అని పెద్దాసుపత్రి వాళ్లు. తొడ నరాల దారి తెలిస్తే ఈ తగాదాను చాలావరకు తేల్చేయవచ్చు. పిరుదులో సూది తప్పు చోట దిగితే తగిలేది సయాటిక్ నరానికి. సూది దిగిన వెంటనే కాలి పొడుగునా మంట పుడుతుంది, పాదం వేలాడిపోతుంది, పాదం పైభాగం మొద్దుబారుతుంది. కానీ మోకాలు చాపే శక్తి చెక్కుచెదరదు, ఎందుకంటే ఫెమొరల్ నరం పిరుదు ఛాయలకే రాదు, అది ముందువైపు దిగుతుంది. కాబట్టి స్పర్శ బాగానే ఉండి, మోకాలు చాపలేకపోతే నేరం సూదిది కాదు.

పూర్తిగా కాదు అనడానికీ వీల్లేదు. 1950 ప్రాంతంలో బ్రిటన్, ఆస్ట్రేలియా వైద్యులు ఒక చిత్రం గమనించారు. పోలియో ప్రబలుతున్న రోజుల్లో ఇంజక్షన్ తీసుకున్న పిల్లలకు, సూది పొడిచిన కాలో చెయ్యో పడిపోవడం ఎక్కువగా ఉంది. కండరానికి గాయమైతే వైరస్ అక్కడి నరం పట్టుకుని వెన్నుపాములోకి ఎక్కడం సులువవుతుందని తర్వాత ఎలుకల మీద ప్రయోగాల్లో తేలింది. అంటే ఆ జ్వరమే పోలియో జ్వరం, దానికి వేసిన అనవసరపు సూది ఆ జబ్బును కాలికి రప్పించింది. ఇంట్లో వాళ్ల అనుమానంలోనూ సగం నిజం ఉందన్నమాట. ఇవాళ పసిపిల్లల టీకాలను తొడ మధ్యలో, ముందు బయటివైపు వేయడానికి కారణం కూడా ఈ నరాల పటమే. అక్కడ కండరం దళసరిగా ఉంటుంది, పెద్ద నరంగానీ పెద్ద రక్తనాళంగానీ ఉండదు.

పోలియో చుక్కల మందు కథలో ఢిల్లీకి ప్రత్యేక స్థానం ఉంది. 1994 అక్టోబరు 2న, అప్పటి ఢిల్లీ ఆరోగ్య మంత్రి డాక్టర్ హర్షవర్ధన్ చొరవతో, నగరంలో ఒకే రోజు పది లక్షలకు పైగా చిన్న పిల్లలకు చుక్కలు వేశారు. మరుసటి ఏడాది అది దేశవ్యాప్త పల్స్ పోలియో అయింది. అయినా జబ్బు అంత తేలిగ్గా లొంగలేదు. 2009లో కూడా దేశంలో 741 కేసులు వచ్చాయి, ఎక్కువ భాగం ఉత్తరప్రదేశ్, బీహార్‌లలోనే. ఆఖరి సహజ వైరస్ కేసు 2011 జనవరి 13న హౌరాలో. 2014 మార్చి 27న మన దేశం ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతమంతా పోలియో రహితమని న్యూఢిల్లీలోనే ప్రకటించారు.

ప్రకటనతో వైరస్ పోయింది గానీ కాళ్లు అలాగే ఉన్నాయి కదా. 1885లో మొదలైన సెయింట్ స్టీఫెన్స్ ఆసుపత్రి ఇప్పుడు ఢిల్లీలో తీస్ హజారీ దగ్గర ఉంది. అక్కడ ఆర్థోపెడిక్ సర్జన్ డాక్టర్ మాథ్యూ వర్గీస్ పోలియో కాళ్ల కోసమే ఒక వార్డు నడిపారు. అలాంటి వార్డులకు వచ్చేవాళ్లలో నిలబడటమే ఎరుగని పెద్దవాళ్లు ఉంటారు. చేతులు నేలకు ఆనించి పాకడమే వాళ్ల నడక. వాళ్లకు చెయ్యి తొడ మీద ఆనించే వీలు కూడా లేదు. ఎందుకంటే ఆ ఉపాయం పనిచేయాలంటే మోకాలు ముందుగా నిటారుగా సాగాలి. తొడ ముందు కండరం పోయి వెనక కండరాలు మిగిలితే, అవి అడ్డూ అదుపూ లేక మోకాలిని మడతలోనే లాగి ఉంచుతాయి. తొడ బయటివైపు తుంటి నుంచి మోకాలి దాకా పరుచుకున్న దళసరి పొర కుంచించుకుపోయి తుంటినీ, మోకాలినీ రెంటినీ వంచేస్తుంది. ఏళ్లు గడిచే కొద్దీ ఆ వంపు బిగుసుకుపోతుంది. ఇక్కడ శస్త్రచికిత్స కొత్త బలం తెచ్చి పెట్టదు. బిగుసుకున్న పొరలను కోసి, అవసరమైతే ఎముకను కోసి సరిచేసి, పిండికట్లతో కాలిని కొద్దికొద్దిగా సాపు చేస్తుంది. ఆ తర్వాత కాలిని నిటారుగా పట్టి ఉంచే క్యాలిపర్. కాలు నిటారైతే బరువు గీత మోకాలికి ముందుకు వస్తుంది. మిగతాది పైన చెప్పిన లెక్కే. ఢిల్లీలో ఐటీవో దగ్గరున్న పండిట్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జాతీయ సంస్థ ఈ క్యాలిపర్లు తయారు చేయడమే కాదు, వాటిని చేసే నిపుణులనూ, ఫిజియోథెరపిస్టులనూ తయారు చేస్తోంది.

ఇంకో ఆపరేషన్ గురించి చెప్పకుండా ఉండలేను. తొడ వెనక కండరాలు గట్టిగా ఉన్నవాళ్లకు వాటిలో ఒకటి రెండింటి కొసను మోకాలి దగ్గర విడదీసి, తొడ పక్కగా ముందుకు తెచ్చి, మోకాలి చిప్పకు కుడతారు. మోకాలిని ముడవడానికి పుట్టిన కండరం ఇక నుంచి దాన్ని చాపాలి. నరం మాత్రం పాతదే, సయాటిక్. మెదడు నుంచి ‘ముడువు’ అన్న ఆజ్ఞ వచ్చే దారిలో ‘చాపు’ అన్న ఆజ్ఞ రావాలి. వారాల తరబడి సాధన చేస్తే మెదడు ఆ మార్పు నేర్చుకుంటుంది. చోటు మారిన కండరం కొంత బలం కోల్పోతుంది కాబట్టి, మొదట్లోనే బలహీనంగా ఉన్నదాన్ని మార్చి లాభం లేదు.

పోలియో తట్టుకుని ముప్పై నలభై ఏళ్లు బాగానే నడిచిన కొందరు ఇప్పుడు కొత్తగా నీరసం, నొప్పి అంటున్నారు. వైరస్ తిరిగి రాలేదు. పిల్లప్పుడు కణాలు చచ్చినప్పుడు, బతికిన కణాలు కొత్త కొమ్మలు వేసి, దిక్కులేకుండా మిగిలిన కండర పోగులను దత్తత తీసుకున్నాయి. ఇలా ఒక్కో కణం మామూలు కంటే ఎన్నో రెట్లు పోగులను మోసింది. దీనివల్లే సగం కణాలు పోయినా బలం మామూలుగానే ఉన్నట్టు అనిపిస్తుంది. దశాబ్దాల అదనపు బరువుకు ఆ కణాలు ఇప్పుడు అలిసిపోయి కొమ్మలు వదిలేస్తున్నాయి. దీన్నే పోస్ట్ పోలియో సిండ్రోమ్ అంటారు. ఇలాంటివాళ్లకు ‘ఇంకాస్త కష్టపడి వ్యాయామం చెయ్యి’ అని సలహా ఇవ్వడం మంచిది కాదు. అలసట రాకముందే ఆపే వ్యాయామమే వీళ్లకు పనికొస్తుంది.

కదలిక కణాలనే తినేసే మరో జబ్బుతో ఉన్న స్టీఫెన్ హాకింగ్ 2001 జనవరిలో ఢిల్లీ వచ్చారు. ఆయన కోసం, జావేద్ ఆబిదీ వంటి వికలాంగ హక్కుల కార్యకర్తల ఒత్తిడితో, కుతుబ్ మినార్, జంతర్ మంతర్ వంటి చోట్ల హడావిడిగా చెక్క ర్యాంపులు వెలిశాయి. వాలుకూ మెట్లకూ తొడ కండరంతో ఉన్న లంకె మనలో చాలామందికి తిరగబడి కనిపిస్తుంది. ఎక్కడం కష్టం, దిగడం సులువు అనుకుంటాం. ఊపిరికి అది నిజమే. క్వాడ్రిసెప్స్ బలహీనంగా ఉన్నవాళ్లకు మాత్రం దిగడమే గండం. ఎక్కేటప్పుడు పై మెట్టు మీద పెట్టిన కాలు ఒంటిని లేపుతుంది, కాబట్టి మంచికాలు ముందు వేస్తే పని జరిగిపోతుంది. దిగేటప్పుడు బరువంతా పై మెట్టు మీద మిగిలిన కాలిదే. అది మెల్లగా వంగుతూ ఒంటిని కిందికి దించాలి, ఒక్కసారిగా మడిస్తే పడిపోవడమే. అందుకని దిగేటప్పుడు బలహీనమైన కాలు ముందు వేయాలి, మంచికాలు పైన ఉండాలి. ఫిజియోథెరపిస్టులు మొదటి రోజుల్లోనే నేర్పే సూత్రమిది. మెట్లకు ఒక పక్కనే రెయిలింగ్ పెట్టే ఇంజనీర్లకు కూడా నేర్పితే బాగుండేది. ఎడమచేత్తో పట్టుకుని ఎక్కినవాడు అదే మెట్లు దిగేటప్పుడు కుడిచేత్తో పట్టుకోవాల్సి వస్తుంది, ఆ చెయ్యి ఖాళీగా ఉందో లేదో ఎవరూ అడగరు.