పెరటి మల్లె బాల్కనీ ఎక్కింది!

మల్లె అంటే జడలో మూరెడు పూలేనా? కుండలో నీళ్లకు పరిమళం, తలనూనెకు సువాసన, తల్లి బాధకు ఉపశమనం... ఒకప్పుడు అన్నిటికీ పెరట్లోని ఒక్క పొద చాలు. పెరళ్లు పోయి ఫ్లాట్లు వచ్చిన దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్‌లలో ఇప్పుడు ఆ పొదకు కుండీయే ఇల్లు.

ఎండాకాలం సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు దిగితే పొగ, దుమ్ము, హారన్ల మధ్యలోంచి ఓ చల్లని వాసన పలకరిస్తుంది. మెట్రో మెట్ల దగ్గర, సాయిబాబా గుడి దారిలో, కొత్తపేట కూరగాయల బండ్ల పక్కన... ఎక్కడ తడిగుడ్డ కప్పిన గంప కనిపిస్తే అక్కడ మల్లెలున్నట్టే. ఇక గురువారమైతే గుడి దగ్గర బేరాల సందడి చెప్పనక్కర్లేదు. మోచేతి నుంచి మధ్యవేలి కొస దాకా ఒక మూర. ఎలక్ట్రానిక్ కాటాలు వచ్చి ఎన్నేళ్లయినా ఇంకా చేత్తోనే కొలిచి అమ్మే సరుకు బజారులో మరొకటి కనిపించదు. పొడుగు చేతుల అమ్మ దగ్గరే పూలు కొనాలనే సరదా మాట అందుకే పుట్టింది!

పూటలో ముగిసే కథ

మల్లెది చాలా చిన్న జీవితం. తెల్లవారుజామున మొగ్గగా ఉన్నప్పుడే కోయాలి. సాయంత్రం విచ్చుకుంటుంది, రాత్రంతా పరిమళిస్తుంది, మర్నాటికి గోధుమరంగుకు తిరిగి వాడిపోతుంది. పూల వ్యాపారమంతా ఆ గడియారం ప్రకారమే నడుస్తుంది. పొద్దున్నే గుడిమల్కాపూర్ టోకు మార్కెట్‌కు చేరిన మొగ్గలు మధ్యాహ్నానికి దండలు కావాలి, దీపాలు పెట్టే వేళకు అమ్ముడుపోవాలి. మిగిలితే మర్నాడు అడిగేవారుండరు.

శాస్త్రవేత్తలు దీన్ని జాస్మినం సంబక్ అంటారు. ఒంటి వరుస రేకులతో పూసేది ఒక రకమైతే, గుండ్రంగా ముద్దగా పూసే గుండుమల్లె, పొరలు పొరలుగా విచ్చుకునే దొంతరమల్లె మరికొన్ని. హైదరాబాద్ పాతబస్తీలో మల్లెను మోగ్రా, మోతియా అంటారు. అత్తరు దుకాణంలో చమేలీ అని అడిగితే మాత్రం ఇచ్చేది జాజి అత్తరు! సన్నజాజి, విరజాజి, మొల్ల... అందరూ ఈ కుటుంబం వాళ్లే. రామాయణం రాసిన కవయిత్రి మొల్ల పేరు కూడా ఓ పువ్వుదే. శ్రీశైల స్థలపురాణం ప్రకారం, చంద్రావతి అనే రాకుమారి రోజూ మల్లెలతో పూజించినందువల్లే అక్కడి శివుడు మల్లికార్జునుడయ్యాడు.

పెరటి చెట్టూ మందే!

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. మల్లె విషయంలో మాత్రం ఆ సామెత చెల్లదు. ఫ్రిజ్‌లు లేని రోజుల్లో వేసవి రాగానే మట్టికుండలో మంచినీళ్లు పోసి, గుప్పెడు మల్లెలు వేసి మూతపెట్టేవారు. తెల్లారేసరికి నీళ్లకు చల్లదనంతో పాటు కమ్మని వాసనా పట్టేది. వాడిన పూలనూ పారేసేవారు కాదు. నీడలో ఆరబెట్టి కొబ్బరినూనెలో వేస్తే తలనూనె సిద్ధం. ట్రంకుపెట్టెలో పట్టుచీరల మడతల మధ్య నాలుగు పూలు ఉండాల్సిందే. నువ్వుల మధ్య మల్లెలను పొరలుగా పరిచి, వాసన పట్టాక గానుగాడించి పరిమళ తైలం తీయడం మన దేశంలో చాలా పాత విద్య.

అన్నింటిలోకీ విచిత్రమైన వాడకం మరొకటుంది. ‘బాలింత మల్లెపూలు పెట్టుకోకూడదు, పాలు తగ్గిపోతాయి’ అని పెద్దవాళ్లు హెచ్చరించేవారు. అదే నమ్మకాన్ని తిరగేసి మందుగానూ వాడారు. పుట్టిన బిడ్డ దక్కకపోయినా తల్లికి పాలు రాక మానవు. రొమ్ములు గట్టిపడి సలుపుతుంటే ఆ తల్లికి దుఃఖం మీద దుఃఖం. అప్పుడు మల్లెల దండను రొమ్ములపై కట్టి ఉంచేవారు. మూఢనమ్మకమని కొట్టిపారేయకుండా వెల్లూరు వైద్యులు దీన్ని పరీక్షించి, 1988లో ఫలితాలు ప్రచురించారు. పాలు ఆపడానికి అప్పట్లో వాడే బ్రోమోక్రిప్టిన్ మాత్రలతో మల్లెపూల కట్టును పోల్చి చూశారు. పాల ఉత్పత్తికి కారణమైన ప్రొలాక్టిన్ హార్మోన్‌ను మాత్రలే ఎక్కువగా తగ్గించాయి. కానీ రొమ్ముల వాపు, పాలు తగ్గడం, నొప్పి మాత్రల అవసరం... ఈ విషయాల్లో మల్లెలూ వాటికి సమానంగా పనిచేశాయి! అయితే అది రొమ్ములపై నేరుగా కట్టిన పూల మాట. జడలో పెట్టుకున్నంత మాత్రాన పాలు ఆగిపోతాయని ఆ పరీక్ష చెప్పలేదు. ఇప్పటి తల్లులు ఇలాంటి ఇబ్బంది వస్తే డాక్టర్‌ను అడగడమే మంచిది.

జడ నిండా... జడ ఖాళీగా

పెళ్లికూతురికి పూలజడ, సీమంతానికి పూలు ముడవడం, పేరంటానికి వచ్చినవారికి తాంబూలంతో పాటు జానెడు దండ. ఆడవాళ్ల ప్రతి వేడుకలోనూ మల్లె ఉంది. ఒకరి దుఃఖంలో మాత్రం అదే మల్లెను దూరం చేశారు. భర్త పోతే బొట్టుతో పాటు పూలూ తీసేయాలన్నారు. పూలు పెళ్లితో వచ్చినవి కావు, పసితనంలో అమ్మ పెట్టినవి. కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. అప్పటి నుంచి ఇంత కాలం గడిచినా గంప దగ్గర ఆగడానికి జంకే ఆడవాళ్లు ఇంకా ఉన్నారు. ఇంట్లో మల్లెపొద ఉంటే ఆ జంకు అక్కర్లేదు. కోసుకునేవాళ్లు ఎవరని మొక్క అడగదు కదా!

విత్తనం లేని వంశం

మల్లెకు గింజ కట్టడం చాలా అరుదు. కొమ్మ నాటాలి, లేదా అంటు తొక్కాలి. అంటే ఏ ఇంట్లో మల్లె ఉన్నా, దానికి వెనక కొమ్మ తుంచి ఇచ్చిన మరో చెయ్యి ఉన్నట్టే. అలా చేతులు మారుతూనే దేశాలు దాటింది. 1934లో ఫిలిప్పీన్స్ దీన్ని జాతీయ పుష్పంగా ప్రకటించుకుంది. చైనాలో రాత్రంతా మల్లెమొగ్గల మధ్య తేయాకును ఉంచి, ఆ వాసన పట్టించి టీ చేస్తారు. మదురై మల్లికి 2013లో భౌగోళిక గుర్తింపు దక్కింది. మన దగ్గర మైలవరం మల్లెతోటలకు పేరు.

హైదరాబాద్ తూర్పు దిక్కుకూ మల్లె అలాగే వచ్చింది. దిల్‌సుఖ్ రామ్ పర్షాద్ అనే జాగీర్దారు తన పొలాలను ప్లాట్లు చేయడంతో దిల్‌సుఖ్‌నగర్‌కు ఆ పేరు వచ్చిందంటారు. విజయవాడ రోడ్డు, సాగర్ రోడ్డు కలిసే ఎల్బీనగర్ చుట్టూ నల్గొండ, ఖమ్మం, కోస్తా జిల్లాల కుటుంబాలు ఇళ్లు కట్టుకున్నాయి. ఇంటికో బావి, బావి పక్కన మల్లె. 2007లో ఎల్బీనగర్, గడ్డిఅన్నారం మున్సిపాలిటీలు గ్రేటర్ హైదరాబాద్‌లో కలిశాయి. 2018 సెప్టెంబరులో ఎల్బీనగర్‌కు మెట్రో వచ్చింది. నేల ధర పెరిగింది, ఇళ్లు అపార్ట్‌మెంట్లయ్యాయి. బావి పూడింది, పెరడు సెల్లార్ పార్కింగ్ అయింది.

జడకు కావలసిన పూలు బజార్లో ఎలాగూ దొరుకుతాయి. కుండలో నీళ్లకు మాత్రం ఆ పూలు పనికిరావు. మల్లెతోటకు మొగ్గతొలిచే పురుగు పెద్ద శత్రువు, దానికోసం రైతులు మందులు కొట్టక తప్పదు. కాబట్టి కొన్న పూలను తాగేనీళ్లలో వేయకపోవడమే మేలు. అమ్మమ్మ అలవాట్లు మనకూ కావాలంటే మొక్క మనదై ఉండాలి.

కుండీలో పూయాలంటే...

‘నర్సరీ నుంచి తెచ్చినప్పుడు పూసింది, తర్వాత అన్నీ ఆకులే!’ చాలామంది ఫిర్యాదు ఇదే. కారణం మొక్క కాదు, మన ముద్దు! మల్లె కొత్త చిగుళ్ల చివరే మొగ్గ వేస్తుంది. అందుకే దానికి ఏటా ఓసారి కఠినంగా ఉండాలి.

నవంబరు చివరి నుంచి నీళ్లు బాగా తగ్గించండి. మొక్క చచ్చిపోతుందేమోనని భయపడొద్దు, అది విశ్రాంతి. సంక్రాంతికి అటూఇటూగా ఆకు దూసేసి, కొమ్మలను అడుగున్నర ఎత్తుకు కత్తిరించండి. పైమట్టి గుల్లచేసి, రెండు గుప్పెళ్ల మాగిన పశువుల ఎరువు వేసి మళ్లీ నీళ్లు మొదలుపెట్టండి. మార్చి నాటికి మొగ్గలు కనిపిస్తాయి. ఒక విడత పూలు అయిపోగానే కొసలు తుంచితే మరో విడత వస్తుంది.

కుండీ కనీసం అడుగు లోతుండాలి, అడుగున రంధ్రం తప్పనిసరి. ఎర్రమట్టిలో కాస్త ఇసుక కలిపితే నీరు నిలవదు. రోజుకు ఐదారు గంటల ఎండ కావాలి. బాల్కనీకి ఉత్తరం గాలి తప్ప ఎండ రాకపోతే, డాబా మీద చోటు అడిగి పెట్టుకోవడం నయం. మొగ్గ రంగు మారి చిన్న చిల్లు కనిపిస్తే వెంటనే తుంచి పారేయండి. పురుగు ఎక్కువైతే లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి చల్లితే సరి.

అంటు తొక్కడం ఇంకా తేలిక. తొలకరి పడ్డాక కిందికి వాలిన కొమ్మను పక్కనున్న మరో కుండీలోకి వంచి, మధ్య భాగాన్ని మట్టిలో కప్పి, పైన చిన్న రాయి పెట్టండి. మూడు నాలుగు నెలల్లో వేళ్లు దిగుతాయి. అప్పుడు తల్లిమొక్క నుంచి వేరు చేయొచ్చు.

ఆ రెండో కుండీ ఎవరికంటారా? ఎదురు ఫ్లాటు వాళ్లకు! విత్తనం లేని ఈ మొక్క ఇన్ని వందల ఏళ్లు బతికింది అలా ఇచ్చిపుచ్చుకునే చేతుల మీదే మరి.