నీళ్ళపై నడక - సుడిదోమపై వేట
వరి రైతుకు అండగా నిలుస్తున్న చిన్న పురుగులు

ఊడ్పులు పూర్తయిన వరిమడి గట్టున నిలబడి నీళ్ళకేసి చూస్తే, సన్నని కాళ్ళ పురుగులు కొన్ని నీటిమీద జర్రున జారిపోతూ కనిపిస్తాయి. చెరువుల్లో, దిగుడుబావుల్లో, పంట కాలువల్లో కూడా ఇవి ఉంటాయి. మునగవు, తడవవు. పిల్లలు రాయి విసిరితే చెదిరిపోయి మళ్ళీ చేరతాయి. వీటివల్ల పైరుకు నష్టమేమీ లేదు. పైగా వరికి పెద్ద శత్రువైన సుడిదోమను ఇవి పట్టి తింటాయి. ఈ సంగతి తెలియని రైతులు దోమమందుతో పాటు వీటినీ చంపుకుంటున్నారు.

మునగకపోవడానికి కారణం

ఒక గిన్నెలో నీళ్ళు పోసి, చిన్న కాగితం ముక్కపై కుట్టుసూదిని ఉంచి మెల్లగా నీటిమీద వదలాలి. కాగితం నాని కిందికి పోతుంది. ఇనుప సూది మాత్రం పైన తేలుతుంది. నీటి అణువులు ఒకదాన్నొకటి లాగి పట్టుకుంటాయి. పైవరుసలోని అణువులను పైనుంచి లాగే నీరు ఉండదు కనుక, అవి పక్కలకూ కిందికీ గట్టిగా బిగుసుకుంటాయి. అందువల్ల నీటిపై సాగదీసిన పొర ఉన్నట్టుగా ఉంటుంది. దీన్నే తలతన్యత అని బడిపుస్తకాల్లో చెబుతారు.

అదే గిన్నెలో రెండు చుక్కల సబ్బునీళ్ళు వేస్తే ఆ బిగువు సగానికి పైగా తగ్గిపోయి సూది మునుగుతుంది. నీటిపై నడిచే పురుగుకూ ఇదే గతి పడుతుంది.

మనిషి మునుగుతాడు, పురుగు ఎందుకు మునగదు? పెద్ద పురుగు బరువు కూడా సుమారు 10 మిల్లీగ్రాములే, అంటే బియ్యపు గింజలో సగం. అరవై కిలోల మనిషిని ఈ నీటిపొర మోయాలంటే అతని పాదాల చుట్టుకొలత దాదాపు 8 కిలోమీటర్లు ఉండాలి!

కాళ్ళలో కిటుకు

ఈ పురుగు కాళ్ళపై కంటికి కనిపించనంత సన్నని వెంట్రుకలు వేల సంఖ్యలో ఉంటాయి. వాటి మధ్య గాలి చిక్కుకుని తడిని అంటనివ్వదు. తామరాకు మీద నీటిబొట్టు నిలిచే తీరు ఇదే. ఒక్కొక్క కాలు పురుగు బరువుకు 15 రెట్లు మోయగలదని చైనా శాస్త్రజ్ఞులు 2004లో తెలిపారు. అంతకు ముందు ఏడు, 2003లో, అమెరికా శాస్త్రజ్ఞులు దాని నడక గుట్టు విప్పారు. మధ్య కాళ్ళను పడవ తెడ్లలా వేసి, నీటిలో చిన్న సుడులను వెనక్కు నెట్టి, అది ముందుకు దూసుకుపోతుంది. ముందు కాళ్ళు ఎరను పట్టడానికి, వెనుక కాళ్ళు దిక్కు మార్చడానికి పనికివస్తాయి.

మడిలో వేట

సుడిదోమ దుబ్బు మొదట్లో, నీటికి కాస్త పైన చేరి రసం పీలుస్తుంది. పిల్లదోమలు తరచు జారి నీళ్ళలో పడతాయి. పడగానే చిన్న అలలు లేస్తాయి. వరిమడిలో మిల్లీమీటరున్నర పొడవుండే చిన్న రకం పురుగులు గుంపులుగా తిరుగుతుంటాయి. అవి ఆ కదలికను కాళ్ళతోనే పసిగట్టి, నాలుగైదు కలిసి మీదపడి, ముక్కుతో పొడిచి పీల్చేస్తాయి. ఒక్కొక్కటి రోజుకు 4 నుంచి 7 దోమలను తింటుందని అంచనా. కొన్ని జాతుల సాలీళ్ళు కూడా నీటిమీద పరుగెత్తి వీటికి తోడుగా వేటాడతాయి.

మందు కొట్టిన తరువాత

దోమ తన గుడ్లను వరి ఆకుతొడిమ లోపల పెడుతుంది. పైన చల్లిన మందు ఆ గుడ్లను అంతగా తాకదు. నీటిమీది పురుగులూ, సాలీళ్ళూ మాత్రం చచ్చిపోతాయి. వారం, తొమ్మిది రోజుల్లో గుడ్లు పగిలి పిల్లదోమలు వచ్చేసరికి వాటిని తినేవారుండరు. మందు కొట్టినా దోమ రెట్టింపైందని రైతులు వాపోవడానికి ఇది ఒక కారణం. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులతో ఈ బెడద ఎక్కువ.

ఇండోనేషియాలో 1980ల మధ్య సుడిదోమ విజృంభించినప్పుడు, అక్కడి ప్రభుత్వం 1986లో వరిపై 57 రకాల పురుగుమందుల వాడకాన్ని నిషేధించింది. మిత్ర పురుగులను గుర్తుపట్టడం రైతులకు నేర్పించింది. మందులు తగ్గినా వరి దిగుబడి పడిపోలేదు.

రైతు చేయవలసింది

పైరులోకి దిగి, అక్కడక్కడా దుబ్బులను వంచి తట్టి చూడాలి. నీళ్ళలో పడిన దోమలెన్ని, వాటిపైకి వచ్చిన పురుగులెన్ని అని లెక్కపెట్టాలి. దుబ్బుకు నాలుగైదు దోమలు కనిపించినంత మాత్రాన కంగారుపడి పంపు భుజాన వేసుకోనక్కరలేదు. పిలక దశలో దుబ్బుకు 10-15, ఈనిక దశలో 20-25 దోమలు దాటితేనే మందు అవసరం. ఊడ్చేటప్పుడే ప్రతి రెండు మీటర్లకు ఒక కాలిబాట వదిలితే గాలీ వెలుతురూ సోకి దోమ ఉధృతి తగ్గుతుంది.

దోమ మితిమీరితే మడిలో నీళ్ళు తీసి ఆరబెట్టడం మంచిదే. ఆ సమయంలో ఈ పురుగులకు చోటుండదు. నీరు మళ్ళీ పెట్టాక రెక్కలున్నవి పక్క కాలువల నుంచి ఎగిరి వచ్చి చేరతాయి. అందుకని పంపులూ, మందు డబ్బాలూ కాలువలో కడగరాదు. కాలువలో ఇవి బతికుంటేనే మళ్ళీ మడికి వస్తాయి.